కాన్పు తర్వాత పొట్ట, టమ్మీ టక్ ముచ్చట

ముందే చెప్పేస్తున్నా, టమ్మీ టక్ బరువు తగ్గించే ఆపరేషన్ కాదు. కాన్పు తర్వాతో, బాగా బరువు తగ్గాకో వేలాడే చర్మాన్ని కోసి తీసేసి, మధ్యలో ఎడంగా జరిగిన పొట్ట కండరాలను దగ్గరికి లాగి కుట్టడం, అంతే. ఆ ఎడం కొంతమందికి ఫిజియోథెరపీ వ్యాయామాలతోనే తగ్గుతుంది కాబట్టి ముందు అది చూడండి. బాలింతకు నడుం గుడ్డ బిగించి కడితే చాలని మా పెద్దమ్మ ఇప్పటికీ వాదిస్తుంది గానీ, సాగిన చర్మం గుడ్డ మాట వినదు.

ఇంకో బిడ్డ కావాలనుకుంటే ఆగండి, మళ్లీ గర్భం వస్తే కుట్టినదంతా సాగుతుంది. బరువు కూడా కనీసం 6 నెలలు నిలకడగా ఉండాలి.

మా చెల్లి చేయించుకున్నాక మొదటి వారమంతా వంగే నడిచింది, నడుముకు బెల్టు, పక్కన ఎర్రటి నీరు దిగే డ్రెయిన్ గొట్టం, దగ్గొస్తే దిండు పొట్టకు అదుముకోవడం. దాదాపు 6 వారాలు బరువులెత్తొద్దంటారు, అంటే చంకెక్కుతానని ఏడ్చే రెండేళ్ల పిల్లను కూడా. మచ్చ ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా, సిజేరియన్ గీత కంటే చాలా పొడవు. పిక్క వాచినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. అందం కోసమైతే ఇన్సూరెన్స్ మామూలుగా రాదు. సర్జన్ ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ, అంటే స్పెషలిస్టు డిగ్రీ, చేశారో లేదో మొహమాటం లేకుండా అడగండి.