షిస్కిన్‌లో పన్నెండు హోల్స్

గ్లాస్గోలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి, నేను దిగకముందే స్కాట్లండ్‌లోని ఒక పేరుమోసిన గోల్ఫ్ కోర్సులో రౌండ్ (ఒక పూర్తి ఆట) ఖాయం చేసి పెట్టింది. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మూడు వందల పౌండ్లకు పైగా కట్టాం. ముందున్న నలుగురూ ప్రతి గ్రీన్ (గుంతా జెండా ఉండే నున్నటి పచ్చిక) మీదా ఫొటోలు దిగుతుంటే వెనకాల చలిలో నిలబడ్డాను. ఇంటికొచ్చాక "ఎలా ఉంది నాన్నా?" అని అడిగితే "అద్భుతం" అన్నాను. డబ్బు తనది మరి.

ఫైఫ్ తీరంలోని ఎలీకి వెళ్ళాక మనసు కుదుటపడింది. అక్కడ మొదటి టీకి, అంటే తొలి దెబ్బ కొట్టే చోటికి, ఎదురుగానే గుట్ట అడ్డం. అవతల మనుషులున్నారో లేరో తెలియదు. అందుకని ఆటగాళ్ళను వరుసగా పంపే స్టార్టర్ గదిలో ఏకంగా జలాంతర్గామి పెరిస్కోప్ బిగించారు. ఎక్స్‌కాలిబర్ అనే బ్రిటిష్ నౌకాదళ జలాంతర్గామిది అది. విశాఖ బీచిలో కుర్సురాను చూసినవాళ్ళకు పెరిస్కోప్ వింత కాదు. కానీ ముందు బ్యాచి గుట్ట దిగిందా లేదా అని దాంట్లోంచి తొంగిచూడటం మాత్రం కొత్తే. నేను కన్ను పెట్టేసరికి ఎర్ర స్వెట్టరు పెద్దమనిషి ఒకాయన గడ్డిలో బంతి వెతుక్కుంటున్నాడు. ఆయనకు తెలియకుండా ఆయన్నే చూస్తూ కాసేపు నిలబడ్డాను. ఆ కోర్సులో పార్ 5, అంటే ఐదు దెబ్బల్లో ముగించాల్సిన పొడవాటి హోల్ (టీ నుంచి గుంత దాకా సాగే ఒక అంచె), ఒక్కటీ లేదు. అయినా పక్క ఊరు ఎర్ల్స్‌ఫెరీలో పుట్టిన గోల్ఫర్ జేమ్స్ బ్రెయిడ్ ఐదుసార్లు ఓపెన్ (బ్రిటిష్ ఓపెన్ టోర్నీ) గెలిచాడు.

కనబడని చోటికి కొట్టే హోల్స్ మీద ఆసక్తి అక్కడే మొదలైంది. మా అమ్మాయి స్నేహితురాలు ఒకామె "అయితే అరాన్ దీవికి వెళ్ళండి" అంది.

ఓడ గాలికి రద్దయింది. మర్నాడు బయల్దేరింది. బ్రాడిక్‌లో దిగి, కొండల మీదుగా దీవిని అడ్డంగా దాటే స్ట్రింగ్ రోడ్డు బస్సెక్కితే అవతలి తీరం బ్లాక్‌వాటర్‌ఫుట్. అక్కడే షిస్కిన్ గోల్ఫ్ క్లబ్బు. నా క్లబ్బుల (ఆటకర్రల) సంచి చూసి డ్రైవరే "షిస్కినేనా?" అని అడిగాడు. దారంతా గాలి గురించి ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆ యాసలో నాకు అందింది సగమే. దిగేటప్పుడు మాత్రం "పొడవు కొట్టకండి, తక్కువ కొట్టండి" అన్నది స్పష్టంగా వినబడింది. పేరున్న కోర్సులో ఒక్కసారి ఆడిన డబ్బుతో ఇక్కడ చాలాసార్లు ఆడవచ్చు.

షిస్కిన్‌లో మామూలు పద్దెనిమిది కాదు, పన్నెండే హోల్స్. ఒంటరిగా ఆడబోతున్న నన్ను చూసి, డెబ్బై దాటిన స్థానికురాలు ఒకావిడ జత కలిశారు. చిన్న తోపుడు బండి, అందులో అర డజను క్లబ్బులు. నా సంచీలో ఉన్న సరంజామాను ఒకసారి ఎగాదిగా చూసి ఏమీ అనలేదు.

మూడో హోల్ పేరు క్రోస్ నెస్ట్, కాకిగూడు. దూరం నూట ముప్పై గజాల లోపే. కానీ టీ దగ్గర నిలబడితే కనబడేది రాళ్ళూ గడ్డీ కలిసిన నిటారు కొండవాలు మాత్రమే. గ్రీన్ దాని పైన. బస్సు డ్రైవరు మాట పట్టుకుని తక్కువ కొడితే బంతి వాలు తగిలి తిరిగి మన దగ్గరికే దొర్లుకుంటూ వస్తుంది. నేను ఇంకాస్త దూరం పోయే క్లబ్బు తీసుకుని కొట్టాను. ఆవిడ అప్పటికే మెట్టదారి పట్టారు. పైకెక్కాక వగర్పు తీరేదాకా చూడాల్సినంత ఉంది: కింద కిల్‌బ్రానన్ జలసంధి, అవతల కింటైర్, పక్కన డ్రుమాడూన్ కొండ నిలువు స్తంభాల గోడ.

ఆట ముగించి గ్రీన్ దిగాక, కిందివాళ్ళు కొట్టవచ్చని తెలియడానికి తాడు లాగి సంకేతం మార్చాలి. "మీరు లాగండి, కొత్తవాళ్ళకు సరదాగా ఉంటుంది" అన్నారావిడ. చేతులు పడీ పడీ ఆ తాడు మధ్యలో నల్లబడి నునుపుదేలి ఉంది. లాగాను. కాసేపటికి కిందినుంచి ఎవరిదో బంతి ఎగిరొచ్చి గ్రీన్ మీద టప్పున పడింది. నా మాట మీద కొట్టారు! నా రౌండ్‌లో నాకంత తృప్తినిచ్చిన షాట్ లేదు.

నాలుగు, ఐదు కూడా పార్ 3లే. వరుసగా మూడు. ఇప్పటి డిజైనర్ ఎవరైనా ఇలా గీసుకొస్తే కాగితం వెనక్కి ఇచ్చేస్తారు. ఇక్కడ మాత్రం కొండ ఎక్కడం, దిగడం, తీరం చేరడం అన్నీ ఆ మూడింటిలోనే అయిపోతాయి.

ఏడోది హిమాలయాస్. పేరు చూసి నవ్వొచ్చింది. ఎదురుగా ఉన్నది ఇసుకదిబ్బ. అయితే మనిషికీ గ్రీన్‌కీ మధ్య నిలబడ్డ దిబ్బ ఎంత ఉన్నా చాలు. మా హైదరాబాదులో, గోల్కొండ నయా ఖిలాలో ఆడేటప్పుడు ఇలాంటి అనుమానం వస్తే ముందు ఆగేవాలా, అంటే బంతి ఎటు పడిందో చూసి చెప్పే కుర్రాడు, నిలబడి ఉంటాడు. వాడు చెయ్యి ఊపే తీరును బట్టే మన బతుకు తెలిసిపోతుంది. అక్కడి ముసలి బావోబాబ్ మాను కూడా ఎక్కడినుంచైనా ఆనవాలు చిక్కుతుంది. ఇక్కడ ఆగేవాలా లేడు, చెట్టూ లేదు. ఆవిడ దిబ్బ కొసను చూసి కొట్టేసి, బంతి ఎటు పోయిందో చూడకుండానే బండి తోసుకుంటూ కదిలారు. వెళ్ళి చూస్తే నా బంతి జెండాకు పదడుగుల్లో ఉంది. ఆవిడది గడ్డిలో. "కొత్తవాళ్ళకు ఇక్కడ ఎప్పుడూ ఇంతే" అన్నారు, కొంచెం విసుగ్గానే.

ఆ రాత్రి ఫోనులో చెబితే, మా క్లబ్బు మిత్రుడు "పన్నెండేనా? మిగతా ఆరింటి డబ్బు వెనక్కిచ్చారా?" అన్నాడు. వాడికి చెప్పాను. 1896లో విల్లీ ఫెర్నీ అనే గోల్ఫర్ ఇక్కడ తొమ్మిది హోల్స్ వేశాడు. తర్వాత విల్లీ పార్క్ జూనియర్ అనే మరో గోల్ఫర్ పద్దెనిమిదికి పెంచాడు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో కొండమీది ఆరూ చేజారిపోయాయి. మిగిలినవాటితోనే ఇన్నేళ్ళూ నడుపుకొస్తున్నారు. ఆ మాటకొస్తే 1860లో ప్రెస్ట్‌విక్‌లో మొట్టమొదటి ఓపెన్ జరిగింది పన్నెండు హోల్స్ మీదే, ఒకే రోజు మూడు రౌండ్లు. పద్దెనిమిది అనే లెక్క సెయింట్ ఆండ్రూస్‌ది. వాళ్ళకు ముందు ఇరవై రెండు ఉండేవి, 1764లో తగ్గించుకున్నారు. వాడు ఒప్పుకోలేదు. హోల్‌కు ఎన్ని రూపాయలు పడిందో లెక్కకట్టమన్నాడు. కట్టలేదు.

అంతకుముందు, ఆట అయ్యాక, క్లబ్బు టీ తాగే గదిలో ఆవిడ స్కోన్ (చిన్న బన్నులాంటిది) తింటూ, ఇంకో మూడు నాలుగు మైళ్ళు పోతే మక్రీ బే అని తొమ్మిది హోల్స్ కోర్సు ఉందని చెప్పారు. అమ్మాయికి ఫోన్ చేసి, వచ్చే వారానికి ఖాయం చేసిన రెండో పెద్ద కోర్సును రద్దు చేయమన్నాను. "డబ్బు వెనక్కి రాదు నాన్నా" అంది. ఈ విషయం మీద బేరాలాడుతుండగానే బ్రాడిక్ బస్సు వెళ్ళిపోయింది. తర్వాతిది గంటన్నరకు.