ఫార్మాట్ కొట్టకముందు

యాసంగి వడ్లు దిగే రోజుల్లో మిర్యాలగూడ మిల్లుల్లో ఎవరికీ తీరిక ఉండదు. సాగర్ ఎడమ కాలువ కింద కోతలు మొదలయ్యాయంటే గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. సరిగ్గా ఆ సమయంలోనే మా మేనమామ మిల్లులో మెయిల్ ఆగిపోయింది. బాయిల్డ్ రైస్‌కు కేరళ, తమిళనాడు వ్యాపారులు పెట్టే ఆర్డర్లు, తవుడు కొనే నూనె మిల్లు లెక్కలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అన్నీ వచ్చేది దానికే. నేనుండేది నల్లగొండలో. చుట్టాల్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఫోన్ నాకే వస్తుంది.

ఫోన్ చేసింది గుమాస్తా కాకా. అరవై దాటిన మనిషి, పద్దులో పైసా తేడా రానివ్వడు. "అవుట్‌లుక్ వస్తలేదు బిడ్డా" అన్నాడు. ఇలాంటి ఫోన్‌కు నేను వెంటనే ఏ సలహా ఇవ్వను. అవుట్‌లుక్ అనే ఆ మెయిల్ ప్రోగ్రామ్ అసలు తెరుచుకోవడం లేదా? తెరుచుకున్నా కొత్త మెయిల్ రావడం లేదా? వస్తున్నా మనం పంపేది పోవడం లేదా? మూడింటికీ కారణాలు వేరు. అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, ప్రోగ్రామ్ తెరుచుకుంటోంది, పాత మెయిళ్లు కనిపిస్తున్నాయి, కానీ పాస్‌వర్డ్ అడిగే చిన్న బాక్స్ ఊరికే వస్తోంది. తన నోటుబుక్కులో ఉన్న పాస్‌వర్డే కొడుతున్నాడు. ఓకే నొక్కగానే మళ్లీ అదే బాక్స్.

ఏదైనా నంబర్ కనిపిస్తే ఉన్నది ఉన్నట్టు చదవమన్నాను. "సున్నా, ఇంటు గుర్తు, ఎనిమిది, రెండు సున్నాలు, మూడు సీలు, తొంభై రెండు." ఇంటు గుర్తంటే ఎక్స్ అని అర్థమయ్యాక నవ్వొచ్చింది గానీ, చదవడంలో ఒక్క అక్షరం తప్పు పోలేదు. లాగిన్‌ను సర్వర్ ఒప్పుకోకపోతే వచ్చే కోడ్ అది. "ఏదో ఎర్రర్ వస్తుంది" అని ఫోన్ పెట్టేసే ఇంజనీర్ల కంటే కాకా ఎంతో నయం.

"ఈ మధ్య ఏమన్నా మార్చిన్రా కాకా?"

"ఏం మార్చలే బిడ్డా. మొన్నటిదాక మంచిగనే ఉండె."

ఈ జవాబును నేను ఎప్పుడూ పూర్తిగా నమ్మను. అబద్ధమాడతారని కాదు. తాము మార్చినదానికీ మెయిల్‌కూ సంబంధం ఉందని వాళ్లకు తెలియదు, అంతే.

ఈలోగా మామ ఫోన్ తీసుకున్నాడు. "అల్లుడా, కంప్యూటర్ షాపు పిలగాడు ఫార్మాట్ కొడితే అయిపోతదంటున్నడు. కొట్టియ్యనా?"

గుండె గుభేలుమంది. నేనొచ్చేదాకా దాన్ని ఎవ్వర్నీ ముట్టుకోనివ్వొద్దని చెప్పి బస్సెక్కాను. తిప్పర్తి, వేములపల్లి దాటుతున్నా అదే టెన్షన్.

టెన్షన్ ఎందుకంటే, ఆ మిల్లులో ఉన్నది అవుట్‌లుక్ 2010. దాన్ని ఎప్పుడో ఎవరో పాప్ పద్ధతిలో, అంటే సర్వర్‌లోని మెయిల్‌ను కంప్యూటర్‌లోకి దించుకునేలా పెట్టారు. మెయిల్ కంప్యూటర్‌లోకి దిగగానే జీమెయిల్‌లోని కాపీ చెరిగిపోయేలా సెట్టింగ్ కూడా పెట్టారు. జీమెయిల్‌లో ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అది నిండకూడదని కాబోలు. అంటే మిల్లు పాత ఉత్తరాలన్నీ ఉన్నది ఒకే ఒక్క చోట, ఆ కంప్యూటర్‌లో అవుట్‌లుక్ మెయిళ్లను దాచుకునే పీఎస్‌టీ ఫైల్‌లో. ఫార్మాట్ కొడితే అవుట్‌లుక్ కొత్తగా వస్తుంది, ఏళ్ల ఆర్డర్లు మాత్రం పోతాయి. మామకు కావలసింది అవుట్‌లుక్ కాదు, అందులో ఉన్న కాగితాలు. ఊళ్లల్లో ఏ జబ్బుకైనా ఫార్మాట్ ఒక్కటే మందు అనుకునేవాళ్ల మీద నాకు కోపం రావడానికి కారణం ఇదే.

వెళ్లగానే పాస్‌వర్డ్ జోలికి పోలేదు. అవుట్‌లుక్ మూసేసి, డాక్యుమెంట్స్‌లో ఉన్న 'అవుట్‌లుక్ ఫైల్స్' ఫోల్డర్ చూశాను. ఫైల్ 30 జీబీ పైన ఉంది. ఈ వెర్షన్‌లో ఫైల్ 50 జీబీ దాకా పెరగొచ్చు కాబట్టి జాగా సమస్య కాదు. కాకా తన 64 జీబీ పెన్‌డ్రైవ్ ఇచ్చాడు, ఖాళీగానే ఉంది. కాపీ పెడితే 'ఫైల్ మరీ పెద్దది' అంటూ తిరగ్గొట్టింది. "ఇంత జాగ ఉన్నది గదా, ఎందుకు పట్టదు?" అని కాకా నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే, ఎంత ఖాళీ ఉన్నా 4 జీబీ కంటే పెద్ద ఫైల్‌ను తీసుకోదు. దాన్ని ఫార్మాట్ చేసి, పెద్ద ఫైళ్లను తీసుకునే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతికి మార్చాక కాపీ మొదలైంది. ఆ రోజు ఫార్మాట్ చేయాల్సి వచ్చింది పెన్‌డ్రైవ్‌ను మాత్రమే. కాపీ పూర్తయ్యేలోపు టీ తాగుతూ మళ్లీ పాత ప్రశ్నే వేశాను, ఈసారి ఇంకోలా: "ఈ మధ్య ఇంట్లో ఎవరన్నా కొత్త ఫోన్ కొన్నరా?"

కొన్నది మామ కొడుకు, హైదరాబాద్‌లో ఉంటాడు. కొత్త ఫోన్‌లో మిల్లు జీమెయిల్ పెట్టుకుందామంటే పాస్‌వర్డ్ గుర్తులేక, కొత్తది పెట్టుకున్నాడట. కథంతా అక్కడే ఉంది.

ఇతర ప్రోగ్రామ్‌లు వట్టి యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో జీమెయిల్‌లోకి రావడాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి ఆపేసింది. కొత్త ప్రోగ్రామ్‌లైతే గూగుల్ సొంత లాగిన్ పేజీని తెరిచి పని కానిస్తాయి. అవుట్‌లుక్ 2010కి ఆ విద్య రాదు. దానికి మిగిలిన దారి యాప్ పాస్‌వర్డ్, అంటే గూగుల్ తనే తయారుచేసి ఇచ్చే 16 అక్షరాలు. ఇక్కడా అప్పట్లో అదే పెట్టి ఉంది. అయితే అసలు పాస్‌వర్డ్ మారిస్తే ఈ యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దయిపోతాయి. అందుకే కాకా పాత పాస్‌వర్డ్ కొట్టినా పనికిరాలేదు. కొత్తది తెలిసి కొట్టినా పనికొచ్చేది కాదు.

బ్రౌజర్‌లో లాగిన్ కాబోతే, 'ఇది మీరేనా' అని హైదరాబాద్‌లోని ఫోన్‌కు అడిగింది. మావాడు ఠక్కున 'కాదు' నొక్కి, "నాన్నా, ఎవడో మన మెయిల్ హ్యాక్ చేస్తున్నడు" అని మామకు ఫోన్ కొట్టాడు. నేను పక్కనే ఉన్నాను. వాణ్ని తప్పు పట్టలేదు, తెలియని లాగిన్‌కు అలాగే చెయ్యాలి. విషయం చెప్పి మళ్లీ మొదలుపెట్టాం. ముందు మామ నంబర్‌ను కూడా ఖాతాకు చేర్చాను. ఆయన ఫోన్‌కు కోడ్ వస్తే నాకు చెప్పనివ్వలేదు, కీబోర్డు ఆయన ముందుకే జరిపాను. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అందరూ నెత్తీ నోరూ కొట్టుకుంటున్న కాలంలో, అల్లుడికైతే చెప్పొచ్చు అనే అలవాటు నా చేతుల మీదుగా మొదలు కాకూడదు.

గూగుల్ ఖాతాలో 'యాప్ పాస్‌వర్డ్స్' అని వెతికితే ఆ పేజీ వస్తుంది. రెండంచెల తనిఖీ (పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌లో కూడా అడిగేది) ఆన్‌లో లేకపోతే మాత్రం ఆ పేజీ ఇవ్వదు. 16 అక్షరాలు ఒక్కసారే చూపిస్తుంది, మూసేస్తే మళ్లీ కనిపించవు. వాటిని కాకాతోనే కొట్టించాలనుకున్నాను. పాస్‌వర్డ్ గడిలో చుక్కలు తప్ప ఏమీ కనపడక ఆయనకు చెయ్యి ఆడలేదు. అందుకని ముందు నోట్‌ప్యాడ్‌లో కొట్టించాను. అక్కడ అక్షరాలు కళ్లకు కనిపిస్తాయి, క్యాప్స్ లాక్ పడి ఉంటే వెంటనే తెలుస్తుంది. ఒక్కో అక్షరం సరిచూసుకున్నాక కాపీ చేసి అవుట్‌లుక్‌లో అతికించి, నోట్‌ప్యాడ్ సేవ్ చేయకుండా మూసేశాడు.

టెస్ట్ బటన్ నొక్కితే రెండు పచ్చ టిక్కులు పడ్డాయి. ఆ వెంటనే ఇన్‌బాక్స్‌లో మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్ పేరుతో టెస్ట్ మెసేజ్ వచ్చింది. కాకా అద్దాలు సర్దుకుని, "మైక్రోసాఫ్టోళ్లు మనకెందుకు రాసిండ్రు?" అన్నాడు. రాసింది మనమే, మనకే అని చెప్పినా చాలాసేపు అనుమానంగానే చూశాడు.

పని అయిపోలేదు. పంపాల్సిన మెయిళ్లు అవుట్‌బాక్స్‌లో కదలకుండా కూర్చున్నాయి. మొదటిదాంట్లో లారీ కాగితాల స్కాన్లు, 20 మెగాబైట్ల పైనే. జీమెయిల్ పరిమితి 25 కదా అంటారు. నిజమే, కానీ మెయిల్‌లో పోయేటప్పుడు అటాచ్‌మెంట్ సైజు దాదాపు మూడో వంతు పెరుగుతుంది. ఆఫ్‌లైన్‌లో పెట్టి ఆ మెయిల్ తీసేసి, స్కాన్లను రెండు మెయిళ్లుగా పంపాం. మిగతావి వాటంతట అవే పోయాయి.

వచ్చేవాటితో మామకు ఇంకో బెంగ. ఆగి ఉన్న మెయిళ్లు విడతలు విడతలుగా, పాతవి ముందుగా దిగుతున్నాయి. ఆయన ఎదురుచూస్తున్న కేరళ ఆర్డర్ కనపడక, పోయిందేమోనని కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు. చివరి విడతలో అదీ వచ్చింది.

జీమెయిల్‌లో కాపీ చెరిపేసే సెట్టింగ్ మార్చాను, ఇకమీదట అక్కడా ఒక కాపీ ఉంటుంది. కాకా తన రిజిస్టర్ అట్ట లోపలి వైపు ఎర్ర పెన్నుతో రాసుకున్నాడు: కోడ్ వచ్చేది ఎవరి ఫోన్‌లకు, పీఎస్‌టీ ఉన్న ఫోల్డర్ ఏది, పెన్‌డ్రైవ్ ఏ సొరుగులో ఉంది. పాస్‌వర్డ్ మాత్రం రాయలేదు. కింద ఆయన సొంతంగా చేర్చిన లైన్: 'చిన్నసారు పాస్‌వర్డ్ మారిస్తే ముందు ఫోన్ చేయాలి.'

అవుట్‌లుక్ 2010కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 అక్టోబర్‌లోనే ఆగిపోయింది. దాన్ని తీసేసి, గూగుల్ లాగిన్ తెలిసిన థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌కు మార్చాలని మామకు చెప్పాను. సీజన్ మధ్యలో కాకాకు కొత్త బటన్లు నేర్పించడం నాకు ఇష్టం లేదు. వడ్లు తగ్గాక, వానాకాలం నాట్లు పడే రోజుల్లో చేద్దామనుకున్నాం.