మా వీసాలు వద్దన్న మనిషి

డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో నేను పనిచేసిన ఆఫీసులో, 2018 వేసవిలో, ఒక సీనియర్ ఇంజనీరును పూట గడవకముందే పంపించివేశారు. యాభై దాటిన ఆ టెక్సాస్ మనిషి, హెచ్1బీ వీసాలను రద్దు చేయాలనీ, ఒక తరంపాటు అమెరికాకు వలసలనే ఆపివేయాలనీ తన సొంత ఫేస్‌బుక్ పేజీలో రాసుకునేవారు. ఎవరో స్క్రీన్‌షాట్లు తీసి హెచ్ఆర్‌కు పంపారు. మధ్యాహ్న భోజనాల వేళకు ఆయన సీటు ఖాళీ అయింది.

మా తెలుగువాళ్లలో చాలామంది సంతోషించారు. మనల్ని వద్దన్నవాడు మన పక్కన కూర్చుని ఎలా పనిచేస్తాడని ఒక మిత్రుడు అడిగితే, మొదట నాకూ ఆ మాట సబబుగానే తోచింది. కానీ నేను చేరిన కొత్తలో పాత బిల్లింగ్ కోడ్‌ను రాత్రి ఎనిమిది దాకా కూర్చోబెట్టి నేర్పింది ఆయనే. మా పాప పుట్టినప్పుడు రెండు వారాలు నా ఆన్‌కాల్ డ్యూటీలు చేసిందీ ఆయనే. ఇంటర్వ్యూల్లో ఆయన ఎంపిక చేసినవారిలో వీసా మీద ఉన్న ఇద్దరు తెలుగమ్మాయిలూ ఉన్నారు.

ఇలా ఆలోచించేవారి చేతిలో మన అప్రైజల్ ఉంటే ఎలా అన్న భయం ఉత్తుత్తి భయం కాదు. దానికి జవాబు ఆయన రాసిన అప్రైజల్స్‌లో, ఇంటర్వ్యూ నోట్స్‌లో దొరికేది; వాటిని ఎవరూ తెరిచి చూడలేదు. వాటిలో ఒక్కరికి అన్యాయం జరిగినట్లు కనిపించినా, ఆయనను తీసివేయమని నేనే అడిగేవాడిని.

చట్టం ఆయనకు అక్కరకు రాలేదు. అమెరికా రాజ్యాంగం వాక్ స్వాతంత్ర్యాన్ని కాపాడేది ప్రభుత్వం నుంచే తప్ప ప్రైవేటు యజమాని నుంచి కాదు. 1964 నాటి పౌరహక్కుల చట్టం జాతి, రంగు, మతం, లింగం, జాతీయ మూలం ఆధారంగా వివక్షను నిషేధించింది గాని, ఆ వరుసలో రాజకీయ అభిప్రాయానికి చోటు లేదు. కాలిఫోర్నియా 1937 నాటికే ఉద్యోగుల రాజకీయ కార్యకలాపాలకు రక్షణ కల్పించింది. టెక్సాస్‌లో ప్రైవేటు ఉద్యోగికి అలాంటి అండ లేదు.

ఆయనను పంపేముందు మేనేజరు నన్ను పిలిచి, ఆయనతో ఏమైనా ఇబ్బంది ఉందా అని అడిగాడు. ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదన్నాను. ఉద్యోగం పోతే, వీసాకు పూచీపడే మరో కంపెనీని వెతుక్కోవడానికి హెచ్1బీ మీద ఉన్న మాకు దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఇంటి లీజు, కారు లోను, పసిబిడ్డ అన్నీ ఆ గడువు మీదే ఆధారపడి ఉంటాయి. అభిప్రాయం నచ్చలేదని మనిషిని పంపించే పద్ధతి ఒకసారి స్థిరపడితే, అది అందరికంటే గట్టిగా తగిలేది మాలాంటి వారికేనని తెలిసి కూడా, నా కొలువు నిలుపుకోవడానికి నేను నోరు మెదపలేదు.

హైదరాబాద్‌కు తిరిగివచ్చాక, నల్లకుంటలో ఉండే మా మేనమామకు ఈ సంగతి చెప్పాను. ఆయన హైకోర్టులో నలభై ఏళ్లు ప్రాక్టీసు చేసినవారు. "మన దగ్గర మాత్రం ఏమైనా తక్కువ జరిగిందట్రా?" అని రెండు కేసులు వివరించారు. కమ్యూనిస్టు కార్యకలాపాల ఆరోపణపై రైల్వే ఉద్యోగం పోయిన బాలకోటయ్య కేసులో, 1957లో సుప్రీంకోర్టు, ఆ భావాలు కలిగి ఉండే హక్కు ఆయనకు ఉంది గాని ప్రభుత్వ ఉద్యోగంలో కొనసాగడం ప్రాథమిక హక్కు కాదన్నది. 1983లో మరో కేసు వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగంలో చేరకముందు ఆర్ఎస్ఎస్, జనసంఘ్ కార్యకలాపాల్లో పాల్గొన్నాడన్న పోలీసు నివేదికతో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఒక ఉపాధ్యాయుణ్ణి తొలగిస్తే, ఆ తొలగింపు చెల్లదని తీర్పు రాసింది సుప్రీంకోర్టు న్యాయమూర్తి, మన చిన్నపరెడ్డిగారు. "ఆ పార్టీ జడ్జిగారికి నచ్చిందా లేదా అన్నది ప్రశ్నే కాదు, మాస్టారు బళ్లో పాఠం చెప్పాడా లేదా అన్నదే చూడాలి" అన్నారు మామయ్య. అయితే ఆ తీర్పు ప్రభుత్వ ఉద్యోగి గురించి; నానక్‌రామ్‌గూడలోని ప్రైవేటు ఐటీ కంపెనీల అద్దాల మేడల్లో పనిచేసేవారికి అది నేరుగా వర్తించదని కూడా ఆయనే చెప్పారు.

గత నెల మా ఆఫీసులో ఒక కుర్రవాడి మీద ఫిర్యాదు వచ్చింది. ఎన్నికలను బహిష్కరించాలని, ఓటు వేయడం వల్ల పేదవాడికి ఒరిగేదేమీ లేదని అతను ఫేస్‌బుక్‌లో రాస్తాడు. అతని వాదన నాకు ఏ మాత్రం నచ్చదు. ఓటు వేయడానికే సెలవు పెట్టి ఊరికి వెళ్లే ఇంట్లో పెరిగాను నేను. టీమ్ లీడ్‌గా నా అభిప్రాయం అడిగారు. అతనికి ఆరు నెలల్లో అప్పగించిన పనుల టికెట్లు, కోడ్ రివ్యూలు తెరిచి చూశాను, పక్కన కూర్చునే నలుగురితో విడివిడిగా మాట్లాడాను. అతని పనిలో లోపం లేదని, అతని వల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదని, కొత్తవారికి అతను ఓపికగా నేర్పుతాడని నా పేరుతో రాసి పంపాను. హెచ్ఆర్ నుంచి ఇంకా జవాబు రాలేదు.