చదును పాదాలు, మడమ నొప్పి, సరైన ఇన్సోల్

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే కుడి మడమ కలుక్కుమనేది. గోడ పట్టుకుని బాత్రూమ్ దాకా వెళ్లి వచ్చేసరికి కొంత సర్దుకునేది. వంటయ్యే లోపు దాదాపు పోయేది కూడా. మళ్లీ మధ్యాహ్నం భోజనానికి కూర్చుని లేస్తే అదే పోటు. అందుకే ఇప్పుడు ఎవరైనా మడమ నొప్పి అంటే నేను ముందు ఒకటే అడుగుతాను: లేచిన వెంటనే ఎక్కువగా ఉంటుందా, నడిచేకొద్దీ పెరుగుతుందా? లేవగానే ఎక్కువై, నాలుగడుగులు వేశాక తగ్గుతుంటే, చాలాసార్లు అది మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఉండే గట్టి పట్టీ దెబ్బతినడం వల్లే. డాక్టర్లు ప్లాంటర్ ఫేషియైటిస్ అంటారు. నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి ఆ పట్టీ, పిక్క కండరం రెండూ బిగుసుకుంటాయి. లేవగానే ఒళ్లంతటి బరువూ పడి అవి ఒక్కసారిగా సాగుతాయి. నొప్పి అక్కడ పుడుతుంది.

నేను తిరుపతి గాంధీ రోడ్డు దగ్గర ఒక పట్టుచీరల షాపులో పనిచేస్తాను. కొండ మీద దర్శనం చేసుకుని దిగినవాళ్లు, పెళ్లి బట్టలకని శ్రీకాళహస్తి, పుత్తూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లు, ముహూర్తాల రోజుల్లో ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉంటారు. భోజనానికి తప్ప కూర్చోవడం ఉండదు. చీరలు పరిచే అంతస్తులోకి బయటి చెప్పులు తీసుకురాకూడదు కాబట్టి మేమంతా గ్రానైట్ నేల మీద ఉత్తకాళ్లతోనే నిలబడేవాళ్లం. ఇలాంటి పనిచేసే ఆడవాళ్లలో మడమ నొప్పి ఎంతమందికి ఉందో ఒక్క షాపులో అడిగి చూడండి, మీకే తెలుస్తుంది. ఎవరూ పైకి చెప్పరు. నిలబడలేనంటే పని పోతుందేమోనని భయం.

నా పాదాలు పుట్టుకతోనే చదును. తడికాళ్లతో నడిస్తే నేల మీద పాదం మొత్తం అచ్చు పడుతుంది, లోపలివైపు ఖాళీ ఉండదు. "మన ఇంటోళ్ల పాదాలు పలక మాదిరి ఉంటాయి పాపా" అనేది మా అవ్వ. ఆమె ఆ పాదాలతోనే ముసలితనం దాకా పొలం పని చేసింది, ఏ నొప్పీ లేకుండా. చదును పాదం అంటే జబ్బు కాదు. దానికి రాతినేల, గంటల తరబడి నిలబడటం, నలభై దాటాక పెరిగిన బరువు తోడయ్యాకే నాకు కష్టం మొదలైంది.

మా అత్తమ్మ జిల్లేడు ఆకులు కోసుకొచ్చి, వేడిచేసిన ఇటుక మీద పరిచి మడమ పెట్టమనేది. పెట్టాను. కాపడం తగిలినంతసేపు హాయిగా ఉండేది, తెల్లారితే మళ్లీ మామూలే. ఆమె ప్రేమగా చేసిన పనిని నేను తక్కువ చేయను. కానీ షుగర్ ఉండి కాళ్లకు స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం ఇటుక జోలికి వెళ్లకూడదు. కాలినా తెలియదు, ఆ పుండు మానడం చాలా కష్టం.

ఎముకల డాక్టరు దగ్గర ఆ పది నిమిషాల పరీక్షే నాకు దారి చూపింది. మడమ అడుగున, కొంచెం లోపలివైపుగా బొటనవేలితో నొక్కారు. ప్రాణం పోయినంత పనైంది. తర్వాత నన్ను గోడవైపు తిరిగి మునివేళ్ల మీద లేవమని, వెనక నుంచి చూశారు. మామూలుగా నిలబడితే నా మడమలు లోపలికి ఒరుగుతున్నాయట, మునివేళ్ల మీద లేస్తే నిటారుగా అవుతున్నాయట, పాదానికి వంపు కూడా వస్తోందట. "వంపు వస్తోంది కాబట్టి కింద నుంచి ఆధారం ఇస్తే మీ పాదం మాట వింటుందమ్మా. కొందరికి మునివేళ్ల మీద లేచినా వంపు రాదు, పాదం బిగుసుకుపోయి ఉంటుంది. వాళ్లకి బలవంతంగా వంపు ఎత్తితే ఇంకా నొప్పి" అన్నారు. చీలమండ లోపలివైపు వాపు ఉండి, ఒంటికాలి మునివేళ్ల మీద లేవలేకపోతే అది వేరే నరం సమస్య కావచ్చని, నరమంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచేదని వివరంగా చెప్పారు.

ఎక్స్‌రేలో మడమ దగ్గర ఎముక చిన్నగా ముల్లులా పెరిగి కనిపించింది. నాకు టెన్షన్ పట్టుకుంది, ఆపరేషన్ అంటారేమోనని. ఏ నొప్పీ లేనివాళ్ల ఎక్స్‌రేల్లో కూడా అది కనిపిస్తుందని, దాన్ని తీయాల్సిన అవసరం చాలా అరుదని ఆయన నచ్చజెప్పారు. షుగర్, యూరిక్ యాసిడ్ పరీక్షలు రాశారు. మడమలో ఇంజెక్షన్ గురించి నేనే అడిగాను, షాపులో ఒకామె వేయించుకుని వెంటనే తగ్గిందని చెప్పింది కాబట్టి. స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఉపశమనం కొన్ని వారాలు ఉండొచ్చని, పదే పదే వేయిస్తే మడమ కింద ఉండే కొవ్వు మెత్త పలచబడుతుందని, అరుదుగా ఆ పట్టీ తెగే ప్రమాదం కూడా ఉందని చెప్పి, ముందు వ్యాయామం, పాదానికి ఆధారం, ఆ తర్వాతే అది అన్నారు. ఎక్కువమందికి ఏడాదిలోపు ఇంజెక్షన్, ఆపరేషన్ లేకుండానే తగ్గుతుందట. ఏడాది అన్న మాట వినగానే గుండె జారింది. ఇవాళ ఆలోచిస్తే, ఆయన ఆ మాట ముందే చెప్పడం నాకు మేలే చేసింది. నెలకే తగ్గలేదని వదిలేయకుండా ఉన్నాను.

ఇన్సోల్ సంగతి, అంటే బూటు లోపల పాదం కింద వేసుకునే సోల్ సంగతి, ఫిజియోథెరపిస్టు అమ్మాయి చూసింది. నేను నేరుగా "ఏ కంపెనీది కొనాలమ్మా" అన్నాను. ఆమె కంపెనీ పేరు ఏదీ చెప్పలేదు. "అక్కా, పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా కాళ్లకు ఏం వేసుకుంటారు, ఎంతసేపు వేసుకుంటారు? కాగితం మీద రాయండి" అంది. రాశాను. ఇంట్లో ఉత్తకాళ్లు. బస్సు దాకా హవాయి చెప్పులు. షాపులో ఉత్తకాళ్లు. మళ్లీ హవాయి, మళ్లీ ఉత్తకాళ్లు. ఆమె ఆ కాగితం నా ముందు పెట్టి, "ఇందులో ఇన్సోల్ పెట్టే చోటు ఎక్కడుందో మీరే చెప్పండి" అంది.

మడమ నొప్పి ఉన్న ప్రతి ఒక్కరికీ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఇన్సోల్ మంచిదా కాదా అన్నది తర్వాత. అది బూటులో కూర్చోవాలి, ఆ బూటు మీరు నిలబడే గంటల్లో మీ కాలికి ఉండాలి. మన ఇళ్లలో గుమ్మం బయటే చెప్పులు విడుస్తాం, గుడిలో విడుస్తాం, చాలా షాపుల్లో విడుస్తాం. చీర కట్టుకుని చెప్పులే వేసుకునే మనలాంటి ఆడవాళ్లకు పెట్టెలో వచ్చే ఖరీదైన ఇన్సోల్ కొనిచ్చినా అది బీరువాలోనే ఉంటుంది.

అందుకని మొదట షాపు యజమానిని అడిగాను. బయట ఎక్కడా వేయని, షాపులో మాత్రమే వేసుకునే ఉతికిన జత ఒకటి పెట్టుకుంటాను సార్, చీరలు పరిచే పరుపు ఎక్కేటప్పుడు విడుస్తాను అని. ఆయన కాసేపు ఆలోచించి, డాక్టరు చీటీ చూసి సరేనన్నారు. అడగడానికి భయపడ్డంత కష్టం కాలేదు. ఆ ఒక్క అనుమతి లేకపోతే మిగతాదంతా వృథా అయ్యేది.

ఆ తర్వాత బూట్లు. ఫిజియో అమ్మాయి చెప్పినట్టు సాయంత్రం వెళ్లాను, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి అసలు సైజులో ఉంటాయి. బూటు వెనక భాగం వేళ్లతో నొక్కితే లోపలికి నలిగిపోకూడదు. రెండు చేతులతో పట్టి తడిబట్ట పిండినట్టు మెలిపెడితే సులువుగా తిరగకూడదు. వంచితే వేళ్ల దగ్గర వంగాలి గానీ మధ్యలో విరిగినట్టు వంగకూడదు. లోపలున్న పాత సోల్ ఊడి రావాలి, ఎందుకంటే దాని మీదే ఇంకోటి వేస్తే మడమ పైకి లేచి బూటులోంచి జారుతుంది, వేళ్లు ఇరుకవుతాయి. ఇవన్నీ చూసి తేలికపాటి వాకింగ్ షూ ఒకటి తీసుకున్నాను.

ఇన్సోల్ దగ్గరికి వస్తే, షాపుల్లో ఎక్కువగా చూపించేది జెల్, మెమరీ ఫోమ్. చేత్తో నొక్కితే ఎంతో మెత్తగా, హాయిగా ఉంటాయి. ఫిజియో దగ్గర అలాంటి జత వేసి నన్ను నిలబెట్టి, వెనక నుంచి ఫోన్లో ఫొటో తీసి చూపించింది. మడమ ఒరగడం ఏమాత్రం మారలేదు. మెత్తనిది మడమకు నేల నుంచి తగిలే దెబ్బను తగ్గిస్తుంది, చదును పాదం వంపు కుంగిపోకుండా మాత్రం పట్టుకోదు. బరువు పడగానే అదీ కుంగుతుంది. తర్వాత ఒత్తుగా ఉండే ఇ.వి.ఎ. ఫోముతో చేసిన, వంపు దగ్గర గట్టిగా ఉన్న జత వేసింది. మడమ కూర్చునే చోట గిన్నెలా లోతు ఉంది. అదే ఫొటో మళ్లీ తీస్తే మడమ చాలావరకు నిటారుగా ఉంది. నాకు మాటలకంటే ఆ రెండు ఫొటోలే నమ్మకం కలిగించాయి. మీరు కొనేటప్పుడు కూడా ఇంట్లో ఎవరిచేతనైనా అలా తీయించి చూసుకోండి.

ఎంపికలో ఇంకో సంగతి ఉంది, ఇది అమ్మేవాళ్లు చెప్పరు. వంపు ఎత్తు ఎంత ఉందనేది ఒకటైతే, ఆ ఎత్తు ఎక్కడ వస్తోందనేది ఇంకొకటి. శిఖరం మడమకు కొంచెం ముందు, పాదం లోపలివైపు పొడుచుకొచ్చే ఎముక కింద రావాలి. ముందుకు జరిగి వేళ్ల మొదళ్ల దగ్గర గుచ్చుకుంటే ఆ సైజు మీది కాదు. పొడవు ఎక్కువైతే వేళ్లవైపే కత్తిరించాలి, మడమవైపు ఎప్పుడూ కత్తెర పెట్టకూడదు. పూర్తిగా చదునైన పాదానికి మొదటే బాగా ఎత్తయిన వంపు పెట్టకూడదని కూడా ఆమె చెప్పింది. ఎత్తు ఎక్కువైతే పాదం దాని మీంచి బయటికి దొర్లుతుంది, మోకాలు నొప్పెడుతుంది.

పాదం అచ్చు తీసి ప్రత్యేకంగా చేసేవి కూడా ఉన్నాయి, వేలల్లో ఖర్చు. మామూలు మడమ నొప్పికి సరిగ్గా ఎంచుకున్న రెడీమేడ్ ఇన్సోల్, అచ్చు తీసి చేసినది దాదాపు ఒకేలా పనిచేస్తాయని పరిశోధనల్లో తేలిందని డాక్టరు చెప్పారు. పాదం బాగా వంకరపోయినవాళ్లకి, షుగర్ వల్ల పుండ్లు పడేవాళ్లకి అచ్చు తీయించడమే మంచిది. నాకు అంత అవసరం లేదు. మిగిలిన డబ్బుతో ఇంట్లోకి వంపు ఉన్న ఎంసీఆర్ చెప్పులు, అంటే మెత్తటి రబ్బరుతో చేసినవి, కొన్నాను. వంటింట్లో చెప్పులేమిటని అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు. టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రిలో ఆమె మోకాలి ఆపరేషన్ అయ్యాక వాళ్లు చెప్పిన జాగ్రత్తలన్నీ ఆమెకు గుర్తుచేశాను. "దేవుడి గదిలోకి మాత్రం వద్దమ్మా" అంది. అంతటితో ఆ సంగతి తేలిపోయింది.

మొదటి రోజు కొత్త ఇన్సోల్ కాలికి రాయి తగిలినట్టే ఉంది. రోజుకు గంటతో మొదలుపెట్టి మెల్లగా పెంచమన్నారు. పిక్కలు, అరికాళ్లు కొంచెం లాగడం మామూలే. బొబ్బలు వచ్చినా, మోకాలో నడుమో కొత్తగా నొప్పెట్టినా ఆపి మళ్లీ చూపించుకోవాలి.

ఇన్సోల్ ఒక్కటే నన్ను నిలబెట్టిందని చెబితే అబద్ధం అవుతుంది. మంచం దిగకముందే కాలు మీద కాలు వేసుకుని, వేళ్లను చేత్తో వెనక్కి లాగి పది సెకన్లు పట్టుకోవడం, అలా పదిసార్లు. గోడకు చేతులానించి, వెనక కాలి మడమ నేలకు ఆనేలా పిక్కను సాగదీయడం. కొంచెం తగ్గాక, మెట్టు అంచున చుట్టిన తువ్వాలు మీద వేళ్లు పెట్టి మెల్లగా మడమలు పైకెత్తి దించడం. రాత్రి నీళ్ల సీసా గడ్డకట్టించి, సన్నటి బట్ట చుట్టి అరికాలి కింద దొర్లించడం. ఇవి విసుగు పుట్టిస్తాయి, నిజం. అయినా ఆ విసుగుని భరించినవాళ్లకే పిక్క సడలుతుంది, పిక్క సడలితేనే పట్టీ మీద లాగుడు తగ్గుతుంది.

కోలుకోవడం వరుసగా జరగలేదు. శ్రావణమాసం రద్దీలో మళ్లీ పోటు వచ్చింది, రెండు వారాలు మళ్లీ గోడ పట్టుకునే నడిచాను. తర్వాత ఒకరోజు పొద్దున వంటింట్లో పాలు పొంగుతుంటే పరుగెత్తాను. స్టవ్ కట్టేశాక గానీ, లేచినప్పటి నుంచి మడమ ఊసే తలవలేదని తట్టలేదు.

నాకు ఒక మొక్కు ఉండిపోయింది. అలిపిరి దారిలో సుమారు 9 కిలోమీటర్లు, 3550 మెట్లు. ఉత్తకాళ్లతో ఎక్కాలి, అక్కడ ఇన్సోల్ మాటే లేదు. ఒంటికాలి మీద మడమ ఎత్తడం నొప్పి లేకుండా వచ్చాకే ఫిజియో అమ్మాయి ఒప్పుకుంది, అదీ మొదట శ్రీనివాసమంగాపురం వైపున్న శ్రీవారి మెట్టు నుంచి. అక్కడ 2388 మెట్లే, దూరం 2 కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. ఎక్కే రోజు పొద్దున అరికాలికి వంపు కింద నుంచి టేపు వేసి, మీద సాక్సు తొడిగింది. బూటు లేనప్పుడు ఆ టేపే కొన్ని గంటలు వంపుని పట్టి ఉంచుతుంది. మెట్టు మెట్టుకీ గోవిందా అనుకుంటూ ఎక్కాను. దిగేటప్పుడు బస్సులో వచ్చాను, దిగుడులోనే మడమ మీద దెబ్బ ఎక్కువ కాబట్టి. అలిపిరి మొక్కు ఇంకా ఉంది.

మా షాపులో ఇప్పుడు చాలామంది లోపలి జత పెట్టుకున్నారు, సార్ మెట్ల పక్కన ఒక స్టాండ్ కూడా పెట్టించారు. పోయిన వారం బిల్లింగ్ దగ్గరుండే అమ్మాయి వచ్చి, "అక్కా, నీదాంట్లాంటి సోలే నాకూ తెప్పియ్యి" అంది. అలా తెప్పించను అన్నాను. ముందు మునివేళ్ల మీద లేవమన్నాను. ఆమె పాదానికి వంపు రాలేదు, చీలమండ లోపలివైపు కాస్త ఉబ్బి కూడా ఉంది. సోమవారం సెలవు పెట్టించి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తున్నాను.