బాణం గీస్తే సరిపోదా?

ఆసుపత్రికి దారి చూపే బోర్డులు డిజైన్ చేస్తున్నానంటే మా బాబాయ్ నవ్వాడు. "బాణం గీస్తే సరిపోదట్రా?" ఆ బాణంతోనే వచ్చింది తంటా.

తెలంగాణలో 2017 నుంచి రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష. హైదరాబాద్ ఆసుపత్రి అన్నాక తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూ మూడూ ఉండాల్సిందే అని నా పట్టుదల. ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదువుతారు. బాణాన్ని ప్రతి పేరు పక్కనా పెడితే గందరగోళమే. అందుకే ఒక్కటే పెద్ద బాణం, తిరగాల్సిన వైపు అంచున.

తెలుగుది ఇంకో పేచీ. 'స్త్రీల వార్డు' అని రాసి చూడండి. పైన గుడిదీర్ఘం, కింద వత్తులు. ఇంగ్లిష్ క్యాపిటల్స్‌కి ఇచ్చిన ఎత్తే దీనికీ ఇస్తే నడిమి అక్షరం చితికిపోతుంది, కాస్త దూరం నుంచి అంతా నల్లటి ముద్ద. తెలుగుకు ఎత్తు ఎక్కువ ఇవ్వాలి, అక్షరం మరీ లావుగా ఉండకూడదు. ట్యూబ్‌లైట్ కింద మెరిసే ఫ్లెక్స్ నాకసలు గిట్టదు. మెరవని మ్యాట్ వినైల్ నయం.

నేల మీద రంగు గీతలు బాగానే పనిచేస్తాయి, స్ట్రెచర్ తోసేవాళ్లకి మరీనూ. కాకపోతే రోజూ ఫినాయిల్‌తో తుడిచే చోట స్టిక్కర్ అంచులు లేస్తాయి. పెయింటే మేలు.

కొత్త క్యాంపస్‌లో ముందు ఫొటోలు తీసేది సెక్యూరిటీవాళ్లు గోడకు అంటించిన ఎ4 కాగితాలకే. "ఎక్స్‌రే ఇటు కాదు" అని ఉన్నచోట బోర్డు కావాలన్నమాట. ప్లాన్ షీట్లు ఆ తర్వాత చూస్తాను.