గుణదల కొండ మీద జపమాల

మా తమ్ముడు మద్యం మానితే వాణ్ణి వెంటబెట్టుకొని వచ్చి కొండ ఎక్కుతానని విజయవాడలోని గుణదల మాతకు, అంటే అక్కడి కొండ మీద కొలువైన మరియమాతకు మొక్కుకున్నాను. ఈ ఫిబ్రవరి ఉత్సవాలలో ఆ మొక్కు తీరింది.

వైద్యం చేయించాం, మందులు వాడించాం. అయితే వాడు మారిన తీరు చూసినవారికి, దీని వెనుక ఆసుపత్రికి అందని పోరాటం కూడా ఒకటి జరిగిందని చెప్పనక్కరలేదు. మనం పోరాడేది మనుషులతో కాదనీ, అంధకార శక్తులతోననీ బైబిలులో అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు వ్రాశాడు. ఆ మాట మా ఇంట్లో అందరికీ ఆసరా అయింది. తాగి వచ్చి తలుపు బాదేవాడు మా శత్రువు కాదు, శత్రువు చెరలో ఉన్నవాడు. అందుకే వాడి మీద కోపంతో కాక, వాడి పక్షాన నిలబడి రాత్రివేళ జపమాల చెప్పేవాళ్లం. పౌలు దేవుని కవచం గురించి చెబుతూ విశ్వాసాన్ని డాలుగా, దేవుని వాక్యాన్ని ఖడ్గంగా వర్ణించి, వెంటనే ఎల్లవేళలా ప్రార్థించమన్నాడు. ప్రార్థన లేనిదే ఆ కవచాన్ని ధరించి నిలబడగలిగేవారు ఎవరు?

11వ తేదీ, అంటే 1858లో ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్తమ్మ అనే బాలికకు మరియమాత మొదటిసారి దర్శనమిచ్చిన రోజున కొండ కిందికి చేరాం. జనం ఇసుక వేస్తే రాలనంతగా ఉన్నారు. వృద్ధులూ చంటిపిల్లల తల్లులూ ఉన్న చోట వెనుక నుంచి తోసుకుంటూ రావడం ఏం భక్తో నాకు అర్థం కాదు. మైకుల హోరులో పక్కవారి మాట కూడా వినిపించలేదు. మెట్ల మధ్యలో నాకు ఊపిరి ఆడక, జపమాలలో క్రీస్తు శ్రమలను ధ్యానించే దుఃఖ దేవరహస్యాలు చెబుతున్న గొంతు ఆగిపోయింది. అప్పుడు తలనీలాలిచ్చి, నున్నని తలకు గంధం పూసుకున్న ఒక పెద్దావిడ నా వేళ్ల మధ్య ఉన్న పూసను తన వేళ్లతో అలాగే పట్టుకొని, “నువ్వు కాసేపు కూర్చో తల్లీ, మిగతాది నేను చెబుతాను. ఎవరి కోసం?” అని అడిగింది. తమ్ముణ్ణి చూపించాను. వాడి పేరు కనుక్కొని, ఆ రహస్యం పూర్తయ్యేదాకా పూసపూసకూ చెప్పే మరియమాత ప్రార్థన, మంగళవార్త జపం, ఒక్కొక్కటి అయ్యాక ఆ పేరు పలికింది. బైబిలులో ఇశ్రాయేలీయులకు అమాలేకీయులతో యుద్ధం జరిగిన నాడు కొండ మీద మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు చెరొక వైపు ఎత్తిపట్టుకున్నారు. కింద యెహోషువ గెలిచాడు. ఒకరి ప్రార్థన అలసినప్పుడు మరొకరు అందుకోవడమే సంఘం చేయవలసిన పని అని నేను నమ్ముతాను. ఆవిడ ఏ ఊరో అడిగేలోపే జనం మమ్మల్ని విడదీశారు.

కొండ మీద మాత స్వరూపం ఉన్న గుహ ముందు నిలబడనిచ్చింది క్షణకాలమే. పూలదండల నడుమ మాత ముఖం కనిపించింది. తమ్ముడు కొవ్వొత్తి వెలిగించి, నేను నేర్పని మాటలతో, తనతో కలిసి తాగిన స్నేహితుల పేర్లు చెప్పి వారి కోసం ప్రార్థించాడు.

కిందికి దిగాక గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం వరుసలో వాడే ముందు నిలబడ్డాడు. సాయంత్రం వేళలు వాడికి ఇంకా కష్టంగానే ఉన్నాయి కనుక ఇప్పుడు జపమాల చీకటి పడకముందే మొదలుపెడుతున్నాం; మొదటి రహస్యం వాడే చెబుతున్నాడు.