కొండ దిగాకే భోజనం: ఎడేల్ నుంచి హోప్ దాకా

ఇంగ్లండులో పల్లె పబ్బులు రాత్రి దాకా తెరిచే ఉంటాయి గానీ, చాలాచోట్ల వంటిల్లు మధ్యాహ్నం రెండుకో రెండున్నరకో కట్టేస్తారు. పది నిమిషాలు ఆలస్యమైతే ఇక దొరికేది చిప్స్ పొట్లమే. అందుకే నడకకి వెళ్లేటప్పుడు ముందు భోజనం వేళ ఖాయం చేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టుకుంటూ రైలు దాకా రావాలి. పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండల ప్రాంతంలో ఎడేల్ స్టేషన్లో దిగి, మామ్ టార్ కొండెక్కి, కాసిల్టన్‌లో తిని, హోప్ స్టేషన్లో రైలెక్కిన మా నడకకి మేం వేసుకున్న లెక్క ఇది. అక్టోబరు చివర, గడియారాలు గంట వెనక్కి తిప్పే ముందు శనివారం, ఆరుగురం.

మొత్తం దూరం సుమారు 11 కిలోమీటర్లు, ఎక్కుడు 280 మీటర్ల చిల్లర. దీనికి నైస్మిత్ అనే స్కాట్లండు కొండలాయన 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: గంటకి 5 కిలోమీటర్లు, పైకెక్కే ప్రతి 100 మీటర్లకి ఇంకో పది నిమిషాలు. కాసిల్టన్ దాకా 7 కిలోమీటర్లకి ఆ లెక్కన రెండు గంటల లోపే. కానీ అది ఎక్కడా ఆగని మనిషి లెక్క. ఫొటోలు, ఫ్లాస్కులో టీ, షూ లేసులు కట్టుకోవడం, ఆరుగురూ ఒక్కొక్కరే గేటు దాటడం కలుపుకుంటే ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి. పదింటికి బయల్దేరితే ఒంటిగంటకి కాస్త ముందు చేరతాం. టేబుల్ 1.15కి చెప్పాం. ఆ ఇరవై నిమిషాల వెసులుబాటు ఉంచుకోకపోతే కొండ మీద ప్రతి ఒక్కరూ వాచీ చూసుకుంటూనే ఉంటారు.

రైలు మాంచెస్టర్ పికడిల్లీ నుంచి షెఫీల్డ్ వెళ్లే హోప్ వ్యాలీ లైను. చిన్న స్టేషన్లలో ఆగే బండి సుమారు గంటకొకటి. ఎక్కేది ఒక స్టేషన్లో, దిగేది ఇంకో స్టేషన్లో కాబట్టి టికెట్ దూరపు స్టేషన్‌కి తీసుకోవాలి: మాంచెస్టర్ వైపు వాళ్లు హోప్‌కి రిటర్న్, షెఫీల్డ్ వైపు వాళ్లు ఎడేల్‌కి రిటర్న్. చౌకగా వచ్చే అడ్వాన్స్ టికెట్‌తో ఇలా మధ్యలో దిగడం కుదరదు. ఆదివారాలు పట్టాల పనులని బండి బదులు బస్సు వేస్తుంటారు, ముందు రోజు రాత్రి చూసుకోండి. మాంచెస్టర్ నుంచి వస్తే మూడు కిలోమీటర్లకి పైగా ఉన్న కౌబర్న్ సొరంగం చీకట్లోంచి బండి ఒక్కసారిగా పచ్చటి లోయలోకి తేలుతుంది. అదే ఎడేల్, లేవాలి.

లోయలో ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం. మ్యాపు ఇంటి దగ్గరే దించుకోవాలి. కాగితం మ్యాపైతే బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 1. అందులో 4 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. ఆకుపచ్చ చుక్కల గీతలు అందరికీ నడిచే హక్కున్న దారులు. దారిలో పసుపు బాణం కాలిబాటకి, నీలం బాణం గుర్రాలూ సైకిళ్లూ వెళ్లే బాటకి గుర్తు.

స్టేషన్ నుంచి పెద్ద రోడ్డెక్కి కుడికి తిరిగితే, కాసేపట్లో ఎడమ చేతికి పొలాల్లోకి ఒక దారి చీలుతుంది. హాలిన్స్ క్రాస్ అని రాసిన పలకలు చూసుకుంటూ పోవాలి. రెండు కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. ఎడేల్‌కి సొంత చర్చి లేని రోజుల్లో శవపేటికల్ని ఈ దారినే కాసిల్టన్‌కి మోసుకెళ్లేవారట. సంచీలో నీళ్ల సీసా ఒక్కటే మోస్తున్నవాళ్లు ఆయాసం గురించి మాట్లాడకపోవడం మంచిది.

హాలిన్స్ క్రాస్ దగ్గర గట్టు ఎక్కగానే గాలి కొడుతుంది. ఎక్కేటప్పుడు చెమట పట్టి జాకెట్ విప్పేసినవాళ్లు వణికేది ఇక్కడే. పైకి రావడానికి పది అడుగుల ముందే తొడుక్కోవాలి. జీన్స్ వద్దు, తడిస్తే సాయంత్రం దాకా ఆరవు. పులిహోర డబ్బా తెచ్చుకున్నవాళ్లు ఇక్కడే తెరవాలి, ఎందుకంటే పబ్బు టేబుల్ మీద బయటి తిండి తీస్తే మర్యాద కాదు. అదైనా నాలుగు ముద్దలే. కడుపు నింపుకుంటే అక్కడ టేబుల్ చెప్పుకున్నది దండగ.

అక్కడి నుంచి కుడివైపు గట్టు మీద కిలోమీటరున్నర, చాలా భాగం రాతి పలకలు పరిచిన బాట. వాన పడితే వాటి మీద నున్నటి అడుగున్న బూట్లు జారతాయి. మామ్ టార్ శిఖరం 517 మీటర్లు. ఉత్తరాన కిండర్ పీఠభూమి. నడిచే హక్కు కోసం 1932 ఏప్రిల్ 24న వందల మంది నిషేధాన్ని కాదని ఎక్కింది దాని మీదికే. దక్షిణాన హోప్ లోయ, దాని మధ్యలో సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం. ఫొటోలోంచి దాన్ని తప్పించాలని అందరూ చూస్తారు గానీ, మబ్బు కమ్మినప్పుడు దిక్కు తెలియజెప్పేది అదే.

కాసిల్టన్‌కి దిగడానికి విన్నాట్స్ పాస్ అందమైన దారే గానీ, శనివారం అది కార్ల దారి. రోడ్డు ఇరుకు, పక్కన ఫుట్‌పాత్ లేదు. మేం మెట్ల మీదుగా మామ్ నిక్ అనే కనుమకి దిగి, పొలాలు దాటి, బ్లూ జాన్ గుహ ముందునుంచి పాడుబడ్డ పాత రోడ్డు పట్టుకున్నాం. ఈ కొండ షేల్ అనే మెత్తటి మట్టిరాయి, ఇసుకరాతి పొరల మీద నిలబడింది. వాన నీరు లోపలికి ఇంకినప్పుడల్లా తూర్పు ముఖం కిందికి జరుగుతుంది. రోడ్డుని ఎన్నోసార్లు బాగుచేసి, చివరికి 1979లో వదిలేశారు. ఇప్పుడది మనిషెత్తు మెట్లుగా విరిగి ఉంది. ఒక విరుగు దగ్గర కూర్చుని చూడండి: తారు, కంకర, మళ్లీ తారు, మళ్లీ కంకర. కుంగిన ప్రతిసారీ పైన ఇంకో పొర పోశారు. పూతరేకులు అడ్డంగా కోసినట్టు ఉంటుంది. పిల్లలుంటే అంచుల దగ్గర చెయ్యి పట్టుకోవాలి.

కాసిల్టన్ చిన్న ఊరే అయినా పబ్బులు ఐదారు ఉన్నాయి. నలుగురు మించితే శనాదివారాలు టేబుల్ ముందే చెప్పాలి. బురద బూట్లతో వస్తున్నామని కూడా ఫోన్లోనే చెప్పండి. కొన్నిచోట్ల రాతి గచ్చున్న గదిలో కూర్చోబెడతారు, తివాచీ ఉన్న గదిలోకి రానివ్వరు. బూట్ల మీదికి తొడుక్కోవడానికి రెండేసి ప్లాస్టిక్ సంచులు మడిచి జేబులో పెట్టుకుంటే ఎక్కడా ఇబ్బంది ఉండదు.

కొత్తవాళ్లు తప్పుచేసేది లోపలికి వెళ్లాకే. టేబుల్ దగ్గర కూర్చుని వెయిటర్ కోసం చూస్తూ ఉంటే చాలా పబ్బుల్లో ఎవరూ రారు. టేబుల్ నంబరు చూసుకుని, బార్ దగ్గరికి వెళ్లి, తిండీ తాగుడూ అక్కడే చెప్పి, అక్కడే డబ్బు కట్టి రావాలి. ఆరుగురూ బార్ ముందు గుంపు కట్టకుండా, అందరివీ ఫోన్లో రాసుకుని ఒక్కరు వెళ్తే పని తేలిక. మందు తాగాలన్న నియమమేమీ లేదు. లైమ్ సోడా అడిగినా, టీ అడిగినా ఎవరూ వింతగా చూడరు. తాగేవాళ్లు కూడా అర పైంటు బీరుతో, అంటే చిన్న గ్లాసుతో ఆపితే మేలు, ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉంది.

శాకాహారులు మెనూలో ‘వి’ గుర్తు చూసి ఊరుకోకూడదు. అడగాల్సినవి మూడు. ఒకటి గ్రేవీ: ‘పై’ అనే, లోపల కూర పెట్టి మూసి కాల్చిన పిండివంటకం మీద పోసేది తరచూ మాంసం రసమే, విడిగా శాకాహార గ్రేవీ ఉందా అనాలి. రెండు చిప్స్ (పొట్లంలోవి కాదు, వేడిగా వేయించిన బంగాళాదుంప ముక్కలు): చేపలు వేయించిన నూనెలోనే వేస్తారా? కొన్నిచోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు. మూడు చీజ్: పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తో చేసిందా అని, పట్టింపు ఉన్నవాళ్లకే ఇది. యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో గుడ్డు ఖాయం. ఇవన్నీ తేల్చుకున్నాక మాకు మిగిలింది చీజ్ ఆనియన్ పై, కూరగాయల సూపు, బ్రెడ్డు. చలిలో నడిచొచ్చాక అది చాలు. కారం తక్కువనిపిస్తే కౌంటర్ మీద ఇంగ్లీష్ మస్టర్డ్ ఉంటుంది. ముక్కుకెక్కుతుంది, చెంచా కొసనే తీసుకోండి.

రెండున్నరకి లేవాలి. కొండ పొద్దున్నే పెట్టుకున్నది ఇందుకే: తిన్నాక ఎక్కుడు ఎవరివల్లా కాదు, పైగా డిసెంబరులో నాలుగింటికి ముందే పొద్దు గుంకుతుంది. టాయిలెట్ పని పబ్బులోనే చూసుకోండి. హోప్ రోడ్డు మీద ఊరు దాటాక కుడివైపు పీక్స్‌హోల్ వాటర్ అనే వాగు వెంట బాట ఉంది, అంతా చదును. గొర్రెల పొలాలు కాబట్టి గేటు మూసి ఉంటే దాటాక మూసెయ్యాలి, తెరిచి ఉంటే అలాగే వదలాలి. దూడలతో ఆవులు కనిపిస్తే చుట్టూ తిరిగి పోవాలి. మధ్యలో సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్లే రైలు పట్టా దాటాలి, ఆగి రెండు వైపులా చూసి దాటండి.

హోప్ చర్చి కనిపించగానే వచ్చేశామనుకుంటారు. స్టేషన్ ఊళ్లో లేదు, తూర్పుగా ఇంకో కిలోమీటరు. రైలు పోయేది ఎక్కువగా ఈ కిలోమీటరు మర్చిపోయినవాళ్లకే, తర్వాతి బండికి గంట ఆగాలి. ప్లాట్‌ఫారాలు రెండు, మధ్యలో వంతెన. ఎక్కే ముందు బూట్లు విదిలించుకుని, ప్లాస్టిక్ సంచులు మళ్లీ తొడిగాం.